పసుపులో మునిగిన తారీఖు

నేను ఒక పోస్టుకార్డుని. డిగ్రీలున్నా పోస్టు దొరకని ఈ లోకంలో పుట్టుకతోనే పోస్టు సంపాదించినవాణ్ణి. కవరుగారిలా కడుపులో దాచుకోవడం నాకు రాదు. నా సంగతులు ముందు పోస్ట్‌మాన్‌కి, ఆ తరవాతే చిరునామాదారుకి.

అచ్చాఫీసులో పుట్టి, కట్టలో పెరిగి, తణుకులో విశాలాక్షి చేతిలో పడ్డాను. ఆమె నన్ను బల్ల మీద పెట్టుకుని, పెన్ను మూత తీస్తూ పెడుతూ మూడు రోజులు ఊరబెట్టింది. రాయాల్సింది చీరాలలో ఉన్న అక్క హైమావతికి మరి. ఆరేళ్ళ కిందట బావగారి షష్టిపూర్తిలో చెల్లెలు కలిపిన పులిహోర నోట్లో పెట్టుకుని, అక్క నలుగురిలో "ఉప్పేదే?" అంది. పులిహోరలో ఉప్పు తక్కువ, ఇద్దరిలో ఉడుకు ఎక్కువ. అప్పట్నించి రాకల్లేవు, పోకల్లేవు. తాంబూలంలో పెట్టే పోకలు కూడా లేవు.

ఇప్పుడు విశాలాక్షి ఇల్లు కట్టుకుంది.

"దీనికీ అక్క రాకపోతే, ఇక నాకు అక్క లేదనుకుంటానండీ," అంది విశాలాక్షి, తన అత్తగారు చిట్టెమ్మతో.

"ముందు రాయవే. రాయకపోతే ఎలా తెలుస్తుంది, కలలోకెళ్ళి చెప్పొస్తావా?"

రాసింది. ఉభయకుశలోపరితో మొదలుపెట్టి బావగారి మోకాలు, మనవల చదువులు, పక్కింటి వాళ్ళ గేదె అన్నీ పరామర్శించేసరికి నాలో జాగా అయిపోయింది. కుశలాలు విశాలమై, అసలు విషయం ఇరుకున పడింది. గృహప్రవేశం తారీఖుని కింద మూలకి చీమల బారులా దూర్చింది. శుభవార్త కదా అని చిట్టెమ్మగారు నా నాలుగు మూలలకీ తడి పసుపు పూసింది. ఆవిడ చెయ్యి ధారాళం. సిరా కరిగి, తారీఖు కాస్తా పసుపులో మునిగింది. ఎవరూ చూడలేదు. చెబుదామంటే, నాకు ముఖాలు రెండున్నాయి గాని నోరు ఒక్కటీ లేదు.

చీరాలలో పోస్ట్‌మాన్ ఇమ్మానియేలు నన్ను గుమ్మంలోనే చదివి మరీ అందించాడు. "మీ చెల్లెలి కాడ్నించమ్మా. ఇల్లు కట్టారంట, రమ్మని రాసింది. ఎప్పుడనేది మటుకు పసుపు మింగేసింది."

హైమావతి నన్ను ఎండకి పట్టి చూసింది. గోటితో గీకింది. "ఈ నెల" అన్నంతవరకే దొరికింది.

"ఎప్పుడని ఓ కార్డు రాసి అడగరాదూ?" అన్నాడు భర్త.

"అది పోను మూడు రోజులు, జవాబు రాను మూడు రోజులు. ఈలోగా ముహూర్తం దాటిపోతే? రాలేదనుకుంటుందండీ. అది అలా అనుకుంటే నేను పడలేను."

ఆ పూటే నన్ను చేతిసంచిలో వేసుకుని రైలెక్కింది.

తణుకులో కొత్తింటి ముందు రిక్షా ఆగింది. విశాలాక్షి సున్నం చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. "అక్కా, ముహూర్తం ఇంకా పదకొండు రోజులుందే. తలుపులైనా బిగించలేదు."

హైమావతి నన్ను తీసి చూపించింది. "ఇందులో తారీఖేదో నువ్వే చదువు."

చెల్లెలు చూసింది. అత్తగారు కూడా చూసి, పనేదో గుర్తొచ్చినట్టు పెరట్లోకి నడిచింది.

"అయితే వెళ్ళి మళ్ళీ రమ్మంటావా?" అంది అక్క.

"వెళ్ళు చూద్దాం," అని చెల్లెలు సంచి లాక్కుంది.

ఆ పదకొండు రోజులూ వడ్రంగికి ఇద్దరు యజమానురాళ్ళు. పాపం, ఒకరు బిగించమన్నది ఇంకొకరు విప్పమనేవారు.

నన్ను కొత్తింట్లో ఉత్తరాల తీగకి గుచ్చారు. రాసినావిడ ఇంటికే తిరిగొచ్చి కాపురం పెట్టిన కార్డుని నేనొక్కణ్ణేనేమో. ఇప్పుడు నెలకొకటి చొప్పున చీరాల కార్డులు వచ్చి నా నెత్తిన కూర్చుంటున్నాయి. బరువుగానే ఉంటోంది. దిగమని మాత్రం అనను.