మళ్ళీ కల్లంలోకి

తొలికోత మిరపకాయలు కల్లంలో ఎండుతున్నాయి. వాటిని రోజూ తిరగెయ్యాలి. సుబ్బరావమ్మ పాత మేజోళ్ళు తొడుక్కుని, కాయల మధ్య పాదాలు ఈడుస్తూ ఒక్కో వరసే నడిచేది. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆ పని ఆమెదే. ఈసారి మొదటి వరస సగం కాకముందే కుడి మోకాలు పట్టేసింది. కాయల మీదే కూలబడింది. కొడుకు లక్ష్మీకాంత్ వచ్చి లేపాడు.

"ఇక ఆపమ్మా. అరిగిపోయిన మోకాళ్ళు. ఇంట్లో కూర్చో, కల్లం సంగతి నేను చూసుకుంటా."

"మీ నాయనమ్మా అట్టాగే కూర్చుంది. మళ్ళీ మంచం దిగిందా?"

"మరి పడితే?"

"రెండో కోతకి పడకుండా వస్తా, చూస్తా ఉండు."

అన్నదే గాని, భయం ఆమెకూ ఉంది.

సత్తెనపల్లిలో ఫిజియోథెరపీ చేసే నాగజ్యోతి మోకాళ్ళు నొక్కి చూసింది. "అరిగింది తిరిగి రాదు ఆంటీ. తొడ కండ బలపడితే మోకాలికి భారం తగ్గుతుంది. కదలకపోతే ఇంకా బిగుసుకుంటాయి." తువ్వాలు చుట్టి మోకాలి కింద పెట్టి నొక్కడం, కుర్చీలో కూర్చుని కాలు చాపి పట్టడం, చదునైన దారిలో నెమ్మదిగా నడవడం నేర్పింది. "నేలమీద బాసింపట్టు మాత్రం వెయ్యొద్దు" అంది.

సుబ్బరావమ్మ అన్నీ చేసింది, ఆ చివరి మాట తప్ప. పొద్దున్నే దీపం పెట్టి, చాప మీద బాసింపట్టు వేసుకుని సహస్రనామం చదివేది. లేచేటప్పుడు గోడ పట్టుకోవాల్సి వచ్చేది. మధ్యాహ్నానికి మోకాలు వాచేది. నొప్పి ఓర్చుకోవడం కూడా సేవే అనుకునేది.

పొరుగింటి మౌలాబీకీ మోకాళ్ళ నొప్పులే. ఓ రోజు ఇద్దరూ నులకమంచం మీద కాయలు పోసుకుని, ఎత్తు స్టూళ్ళ మీద కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నారు.

"ఇంత నడుస్తన్నావు, వాపెందుకు తగ్గట్లా వదినా?" అంది మౌలాబీ.

సుబ్బరావమ్మ పారాయణం సంగతి చెప్పింది.

"ఓయమ్మో! సాయంత్రం కట్టిన గోడ పొద్దున్నే నువ్వే పడగొడితే ఎట్టా?"

"దేవుడి ముందు ఎత్తున కూర్చుంటే తప్పు కాదూ?"

"నేను నమాజు కుర్చీలోనే చదువుతన్నా. ఎంత వంగగలిగితే అంతే వంగుతా. చేతగానోళ్ళని పడుకునైనా చదువుకోమన్నారు మాకు. మీ దేవుడు మరీ అంత కఠినుడా ఏంది?"

"మా దేవుణ్ణి అనబాక!"

"నేనెక్కడన్నా? నువ్వే అంటన్నావు."

మర్నాడు చాప పరవబోతూ సుబ్బరావమ్మ యోగనరసింహస్వామి పటం ముందు ఆగింది. స్వామి మోకాళ్ళ చుట్టూ పట్టీ ఉంది. ఎన్నాళ్ళుగానో చూస్తున్న పటమే. లోకాలు మోసే స్వామే మోకాళ్ళకి ఆసరా పెట్టుకుని కూర్చున్నాడే! ఈ నొప్పి ఆయన అడిగాడా, తనే తెచ్చి సమర్పిస్తోందా? చాప పక్కన పెట్టి, స్టూలు తెచ్చుకుని కూర్చుంది.

ఆ రోజు తప్పు చేస్తున్నట్టే అనిపించి నామాలు తడబడ్డాయి. కొన్నాళ్ళకి ఒకటి గమనించింది. ఇదివరకు మనసు సగం మోకాలి దగ్గరే ఉండేది. ఇప్పుడు నామం మీద నిలుస్తోంది.

వాపు తగ్గింది. నొప్పి పూర్తిగా పోలేదు. మంచు కురిసే పొద్దుల్లో కాళ్ళు మొరాయించేవి. అప్పుడు కొంచెమే నడిచేది. నడవడం మాత్రం మానలేదు.

రెండో కోత కాయలు కల్లానికి చేరాయి. మేజోళ్ళు తొడుక్కుని వస్తున్న తల్లిని చూసి లక్ష్మీకాంత్ అడ్డం వచ్చాడు.

"నేనేం చెప్పానమ్మా నీకు?"

"నేనేం చెప్పా నీకు? జరుగు."

పాదం ఎత్తకుండా ముందుకు జరుపుతూ కదిలింది. కాయలు గలగలమని పక్కకి తిరిగాయి. ఘాటుకి దగ్గు వచ్చింది. సగం దూరంలో మోకాలు చురుక్కుమంది. ఇదివరకైతే పళ్ళు బిగబట్టి సాగేదే. ఇప్పుడు ఆగింది. బరువు ఎడమకాలి మీద వేసి, ఊపిరి పీల్చుకుని, కుడికాలు మెల్లగా చాపి సర్దుకుంది. లక్ష్మీకాంత్ పరుగున వచ్చి చెయ్యి అందించాడు.

"పట్టుకోబాక. కావాలంటే పక్కన నడువు."

అతను పక్క వరసలోకి దిగాడు. ఆమె నడకకి తగ్గట్టే నడిచాడు. వరస చివరికి చేరాక సుబ్బరావమ్మ వెనక్కి తిరిగి చూసుకుంది. కాయల మధ్య దారి వంకర్లు పోయింది గాని, ఎక్కడా తెగలేదు.

"ఇంకోటి తిరగేస్తావా?" కొడుకు గొంతులో ఎగతాళి లేదు.

"ఇవాళ్టికింతే. రేపు కూడా రావాలిగా" అని ఆమె మేజోళ్ళు దులుపుకుంది.