దక్షిణ ద్వారం దగ్గర బస

రైలు దిగిన జనం ఇనుప కంచె దాటి బయటికి రాకముందే గుయ్‌చిన్ వాళ్ల సామాను చూసేసింది. ముఖాలు చూసి లాభం లేదు. రాత్రంతా చెక్కబల్ల మీద కూర్చుని వచ్చిన ముఖాలన్నీ ఒక్కలాగే ఉబ్బి ఉంటాయి. చక్రాల పెట్టె లాక్కుంటూ మెడలో కెమెరా వేలాడేసుకున్నవాళ్లు కోటగోడ పక్కన దిగుతారు. ఎరువుల సంచిలో పరుపు కుక్కుకొచ్చినవాళ్లు ఉత్తరాన కూలీల అడ్డాకు పోతారు. ఎక్స్‌రే ఫిల్ములున్న పెద్ద ప్లాస్టిక్ సంచిని గుండెలకు హత్తుకున్నవాళ్లు తూర్పు వైపు వాళ్లు. షియాన్ స్టేషను ముందు అట్టముక్కలు ఎత్తి పట్టుకుని గది కావాలా గది అని అరిచే ఆడవాళ్లందరూ ఈ లెక్క ప్రకారమే జనాన్ని పంచుకుంటారు. ఒకరి వాటాలో ఇంకొకరు వేలు పెడితే జుట్టూ జుట్టూ పట్టుకుంటారు.

గుయ్‌చిన్ వాటా కోటగోడ దక్షిణ ద్వారం. పొట్టి మనిషి, భుజాలు వెడల్పు. పత్తి మిల్లులో వయసంతా మగ్గాల మధ్య నిలబడడంతో పిక్కల మీద నరాలు ఉబ్బి ముడులు పడ్డాయి. ఆ హోరులో మాట్లాడి మాట్లాడి గొంతు పెద్దదైంది, చెవులు కాస్త మందగించాయి. మిల్లు మూతపడ్డాక ఆ గొంతు ఒక్కటే మిగిలింది. దాన్నే నమ్ముకుని తెల్లవారేసరికి స్టేషనుకు వస్తుంది.

తూర్పు వైపు అంటే ఏమిటో అక్కడ అందరికీ తెలుసు. పెద్ద క్యాన్సర్ ఆసుపత్రి, దాని చుట్టూ ఇరుకు సందులు, ఆ సందుల్లో రోగులూ వాళ్ల వాళ్లూ బసచేసే గదులు, ఆ గదుల కింద శవానికి కట్టే బట్టలమ్మే కొట్లు. ఆ పేటకు పేరుంది గానీ ఎవరూ ఎత్తరు. రోగికి జబ్బు పేరు చెప్పకూడదన్నది అక్కడ పుట్టినవాళ్లకు ఎవరూ నేర్పనక్కరలేదు. పుండు అంటారు, వాపు అంటారు, పట్నం చూపిస్తాం పద అంటారు. అట్టలు పట్టుకున్న ఆడవాళ్లు కూడా ఆ అబద్ధానికి తలో చెయ్యీ వేస్తారు. గుయ్‌చిన్ ఆ వైపు మాత్రం పోదు. భర్త అక్కడే పోయాడు.

ఆ ఉదయం కంచె దాటి వచ్చిన ఇద్దరినీ ఆమె తన వాటాలోనే వేసుకుంది. ముసలాయన ఒంటి మీద మడతలు పోని కొత్త కోటు, తలకు తెల్లటి తువ్వాలు, ఉత్తరాన కొండల్లోవాళ్లు కట్టినట్టు నుదుటి మీద ముడి. పక్కన ముప్ఫై దాటిన కూతురు, చంకలో చుట్టిన చాప. ఫిల్ముల సంచి ఎక్కడా లేదు.

"గది కావాలా అమ్మా? కిటికీ తీస్తే కోటగోడే! పగలూ రాత్రీ వేణ్ణీళ్లు. రండి రండి, చూసి నచ్చకపోతే పోదురు గాని."

కూతురు అటూ ఇటూ చూసింది. "తూర్పు వైపు ఏమైనా దొరుకుతాయా పిన్నీ?"

"తూర్పు ఎందుకే?" అన్నాడు ముసలాయన. బొంగురుగా, ఒక్కో మాటా గొంతులోంచి తవ్వి తీస్తున్నట్టు వచ్చింది. "గోడ చూపిస్తానని కదా తీసుకొచ్చావ్! ఆవిడ గోడ పక్కనే అంటోంది. అక్కడే ఉందాం."

కూతురు చంకలో చాపను ఇంకాస్త బిగించి పట్టుకుంది. గుయ్‌చిన్ అప్పటికే వాళ్ల మూట అందుకుని నడిచేస్తోంది.

లాడ్జి యజమానురాలు హావ్ మెట్ల కింద కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు కొరికి పొట్టు ఊస్తూ పేర్లు రాసుకుంది. ఆయన ఇంటిపేరు దాంగ్, కూతురు పేరు చియావ్‌లింగ్. గది మేడ మీద. ముసలాయన కాళ్లు కడుక్కోడానికి వెళ్లినప్పుడు చియావ్‌లింగ్ చాప విప్పింది. లోపల్నుంచి పెద్ద ప్లాస్టిక్ సంచి జారి, తాళంచెవి ఇవ్వడానికి వచ్చిన హావ్ కాళ్ల దగ్గర పడింది. ఫిల్ములు సగం బయటికొచ్చాయి.

హావ్ సంచి వైపు చూసి, గుయ్‌చిన్ వైపు చూసింది. గుయ్‌చిన్‌కు తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్లలో సామాను చూసి మోసపోవడం ఇదే మొదలు.

"ఒక్క పూట పిన్నీ, కాళ్లు పట్టుకుంటా," అంది చియావ్‌లింగ్ గొంతు తగ్గించి. "అన్నం మెతుకు దిగడం లేదాయనకి. గొంతులో వాపని చెప్పాను. కోస్తే బాగవొచ్చేమో అన్నారు, ముందు ఆసుపత్రిలో మంచం దొరకాలిగా! నేను పోయి వరసలో నిలబడతా. దొరికితే ఈ రాత్రికే చేర్పిస్తా."

"వరసలో నిలబడు, కాదన్నానా?" అంది హావ్. "ఇక్కడ మాత్రం వద్దు. నా గదిలో మనిషి పోయాడంటే ఆ గది ఇంకెవడైనా తీసుకుంటాడా? గుయ్‌చిన్, నువ్వు తెచ్చిన సరుకు, నువ్వే తరలించు. పొద్దు గుంకేలోపు ఆయన తూర్పు వైపు ఉండాలి. లేదా రేపట్నించి నీ మనుషుల్ని నా గుమ్మం ఎక్కించకు."

దక్షిణ ద్వారం దగ్గర మిగతా లాడ్జీలన్నిటికీ వాళ్ల ఆడవాళ్లు వాళ్లకున్నారు. ఈ గుమ్మం పోతే గుయ్‌చిన్‌కు అట్ట పట్టుకోవడానికి ఇంకో గుమ్మం లేదు.

చియావ్‌లింగ్ ఫిల్ములు తీసుకుని, గుయ్‌చిన్ ఫోను నంబరు రాసుకుని, పోతూ పోతూ ఆమె చెయ్యి పట్టుకుంది. "మధ్యాహ్నం దాటాక మెల్లిగా తీసుకురండి. అటువైపు నుంచి గోడ ఇంకా బాగుంటుందని చెప్పండి. మీరైతే నమ్ముతాడు."

గుయ్‌చిన్ తలూపింది. అలాంటివి చెప్పడం ఆమెకు కొత్త కాదు.

మధ్యాహ్నం దాకా స్టేషను దగ్గరే అరిచింది. ఒక్కరూ రాలేదు. ఎవరి సామాను చూసినా ఇప్పుడు అనుమానమే, ఎవరి చాపలో ఏముందోనని. భర్త గుర్తొచ్చాడు. అతన్నీ ఆమె పట్నం చూపిస్తానని ఊరి నుంచి తీసుకొచ్చి తూర్పు సందులో ఒక గదిలో పెట్టింది. ఇది ఏ పేట అని అడిగాడు ఒకసారి. ఊరి నడుమ గంట గోపురం దగ్గరే, నువ్వు లేచాక చూడ్డానికి పోదాం అని చెప్పింది. కిటికీకి దుప్పటి కట్టి ఉంచింది, ఎదురుగా ఆసుపత్రి బోర్డు కనబడకుండా. అతను మళ్లీ అడగలేదు. ఒకరోజు తెల్లవారుజామున పోయాడు. బూడిద డబ్బా పట్టుకుని ఊరికి వెళితే, బయట చచ్చినవాణ్ణి లోపలికి తేవొద్దని బావగార్లు గుమ్మానికి అడ్డం నిలబడ్డారు. ఊరి చివర గుడారం వేసి పని కానిచ్చారు. అతనికి అంతా తెలిసే అడిగాడా, తెలియక అడిగాడా అన్నది ఆమెకు ఈ రోజుకీ అంతు పట్టలేదు. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా ఇంకా గట్టిగా అరుస్తుంది.

ఆమె వెళ్లేసరికి ముసలాయన సిద్ధంగా కూర్చుని ఉన్నాడు, ఒళ్లో చిన్న గుడ్డసంచి, వేళ్ల కొసలకు దానిమ్మ రసం మరకలు. ఇద్దరూ కింద గొర్రె మాంసం పులుసు అమ్మే కొట్లోకి వెళ్లారు. అక్కడ రొట్టె ఎవరిది వాళ్లే చేత్తో తుంచి ఇస్తే పులుసులో వేసి ఉడికించి తెస్తారు. ముసలాయన తన రొట్టెను కొర్రగింజలంత చిన్నగా, ఎంతో శ్రద్ధగా తుంచాడు. వేడి గిన్నె వచ్చాక రెండు చెంచాల పులుసు మింగి, కళ్లు మూసుకుని గొంతు మీద చెయ్యి పెట్టుకున్నాడు. చెమట పట్టింది. తర్వాత గిన్నె ఆమె వైపు జరిపాడు.

"తిను చెల్లెమ్మా. పొద్దుట్నించీ అరిచావు."

ఆమెకు ఆకలిగానే ఉంది. తినేసింది.

గోడ దగ్గరికి వెళ్లారు. పైకెక్కే మెట్ల వైపు ఆయన చూడనైనా లేదు. కందకం పక్కన చెట్ల కింద నడిచి, గోడ మొదట్లో నిలబడి, ఇటుక మీద అరచెయ్యి ఆనించాడు. పైకి చూస్తే తువ్వాలు జారింది, సర్దుకున్నాడు.

"పెద్దదే," అన్నాడు. "మా ఊళ్లో చెబితే నమ్మరు."

పొద్దు వాలుతోంది. గుయ్‌చిన్ గొంతు సవరించుకుంది. "అటు తూర్పు వైపు నుంచి ఇంకా బాగుంటుంది పెద్దన్నా. బస్సులో పోదాం, దగ్గరే. మీ అమ్మాయి కూడా అక్కడికే వస్తానంది."

ఆయన గోడ మీంచి చెయ్యి తియ్యలేదు. "నీకు ఊరు ఉందా చెల్లెమ్మా? సేద్యం?"

"ఉండేది."

"ఇప్పుడు మా కొండల్లో కొర్ర కోతలు. ఏడాదంతా ఒక ఎత్తు, ఈ పది రోజులూ ఒక ఎత్తు. మా పిల్ల బట్టల ఫ్యాక్టరీలో పని చేస్తుంది. కొత్త సంవత్సరం పండక్కే సెలవు దొరకదంటుంది. అలాంటిది కోతల మధ్యలో వచ్చి, నాన్నా గోడ చూద్దాం పద అంది. నేనంత వెర్రివాణ్ణా?" నవ్వబోయాడు, దగ్గు వచ్చింది. "చాపలో ఏం చుట్టిందో రైల్లోనే చూశా. పాపం, రాత్రంతా దాన్ని పట్టుకునే కూర్చుంది, కునుకు కూడా తియ్యలేదు."

గుయ్‌చిన్ బస్సులు వచ్చే రోడ్డు వైపు చూపు తిప్పుకుంది. "వాపే పెద్దన్నా. కోస్తే తగ్గుతుందట."

"తగ్గితే తగ్గుతుంది. తగ్గకపోతే? మీ పట్నంలో పోతే మట్టిలో పెట్టనివ్వరు, నన్ను పొయ్యిలో పెట్టి కాల్చి, డబ్బాలో పోసి, ఆ పిల్ల చేతికిస్తారు. మా వాకిట్లోకి ఆ డబ్బాని రానిస్తారా? నన్ను పాతిపెట్టడానికి ఇంట్లో దేవదారు పెట్టె చేయించి పెట్టుకున్నా. మా ఆవిడ పక్కన చోటుంది. చావంటే భయం లేదని చెప్పను, ఉంది, బోలెడంత ఉంది. కానీ ఈ పొయ్యి భయం ముందు అదెంత?" ఆమె వైపు తిరిగాడు. "సాయంత్రం మా వైపు రైలుంది. స్టేషను దాకా తోడు రా. ఇంత జనంలో ఒక్కణ్ణే పోతే దారి తప్పుతా."

"మీ అమ్మాయి నన్ను చంపేస్తుంది!"

"తిడుతుంది. మా పిల్ల తిట్టగలదు గానీ, చంపడం చేతకాదు."

తూర్పుకు పోయే బస్సు వచ్చి ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. ఎక్కిస్తే అయిపోతుంది. రేపు మామూలుగా అట్ట పట్టుకోవచ్చు, కూతురు దణ్ణం పెడుతుంది, కోస్తే ఈయన బతికినా బతకొచ్చు. డ్రైవరు ఎక్కుతారా లేదా అని కసిరాడు. గుయ్‌చిన్ ముసలాయన మోచెయ్యి పట్టుకుంది. ఎక్కడం లేదని డ్రైవరుకు చేత్తో సైగ చేసింది. బస్సు వెళ్లిపోయింది.

స్టేషనులో ఆయన టికెట్టు ఆయనే కొనుక్కున్నాడు. ఆమె ప్లాట్‌ఫారం టికెట్టు తీసుకుంది. ఎన్నేళ్లుగానో ఆ స్టేషను ముందు నిలబడుతున్నా లోపలికి వచ్చింది చాలా తక్కువ. జనాన్ని తోసుకుంటూ, ఆయన్ని ముందు పెట్టుకుని పెట్టె దాకా తీసుకెళ్లింది. ఆయన మెట్టు మీద కాలు పెట్టాడు. సరిగ్గా అప్పుడే ఆమె జేబులో ఫోను మోగింది.

"పిన్నీ! మంచం దొరికింది!" చియావ్‌లింగ్ ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "రేపే డాక్టరు చూస్తానన్నాడు. ఎక్కడున్నారు? రాత్రి లోపు చేరకపోతే ఇంకొకరికిచ్చేస్తారట. నాన్న ఏం చేస్తున్నాడు?"

గుయ్‌చిన్ ఎదురుగా ఉన్న తెల్ల తువ్వాలు వైపు చూసింది. "గోడ దగ్గరే ఉన్నాం తల్లీ. కూర్చున్నాడు. కాస్త అలిసిపోయాడు."

"ఆ చప్పుడేమిటి?"

"బస్సులు."

ఫోను పెట్టేసింది. గార్డు ఈల వేశాడు. ముసలాయన ఊచ పట్టుకుని, కిందికి చూస్తూ అడిగాడు. "మంచం దొరికిందా?"

లేదనొచ్చు. ఇన్నేళ్లూ రోగుల ముఖం మీద చెప్పిన మాటలన్నీ నాలుక చివరే ఉన్నాయి. ఆమె గొంతు మొట్టమొదటిసారి చిన్నదైంది.

"దొరికింది పెద్దన్నా. రేపే చూస్తారట. దిగితే ఇప్పుడే పోవచ్చు."

వెనక ఎక్కేవాళ్లు తోస్తున్నారు. ఒక కాలు మెట్టు మీంచి కిందికి రాబోయి ఆగడం ఆమె చూసింది.

"నిజం చెప్పావు," అన్నాడు. "ఆ మంచం ఎవరికో ఒకరికి పనికొస్తుందిలే." పైకెక్కి జనంలో కలిసిపోయాడు. కిటికీలో తువ్వాలు కోసం ఆమె పెట్టె చివరిదాకా వెతుక్కుంటూ నడిచింది. కనబడలేదు. రైలు కదిలిపోయింది.

బయటికి వచ్చి చియావ్‌లింగ్‌కు ఫోను చేసింది. "తూర్పు వైపు ఉండకు. గదికి వచ్చెయ్. వచ్చాక చెబుతా," అని, అవతలి ప్రశ్నలు వినకుండా పెట్టేసింది. ఆ పిల్ల తిట్టే తిట్లన్నీ పడాలనే అనుకుంది. ఏడిస్తేనే ఏం చెయ్యాలో తెలియలేదు.

లాడ్జిలో హావ్ తలెత్తింది. "తరలించావా?"

"తరలించాను."

మేడ మెట్లెక్కి గది తలుపు తీసింది. దీపం వెయ్యలేదు, కిటికీలోంచి వచ్చే వెలుగు చాలింది. మంచం మీద దుప్పటి చక్కగా మడిచి ఉంది. కింద వీధిలో ఎవరో పరుగెత్తుకొస్తున్న అడుగుల చప్పుడు వినిపించింది, మెట్ల దగ్గర హావ్ ఏదో అడిగింది. గుయ్‌చిన్ బల్ల వైపు చూసింది. మూత పెట్టిన చిన్న గిన్నె ఉంది. మూత తీసింది. గిన్నె నిండా ఒలిచిన దానిమ్మ గింజలు, ఒక్క తెల్ల పొర కూడా లేకుండా, పక్కన ఒకే ఒక్క చెంచా.