ముందు నీళ్లు తాగండి

మా ఊళ్లో ఎవరూ నానాతో నేరుగా మాట్లాడరు. నానా అంటే మా ఊరి దొర. ఎవరేమన్నా ముందు నా చెవిన వేయాలి, నేను దాన్ని నునుపు చేసి ఆయనకు విన్నవించాలి. బంగారు పిడి కర్ర పట్టుకుని ముప్పై ఏళ్లుగా చేస్తున్న పని అదే. ఎంత చేదు మాటకైనా తేనె పూయడంలో నన్ను మించినవాడు లేడు.

ఆ రోజు అఫ్రకోమాను సభకు పిలిపించారు. కుమాసి పట్నంలో చదివి వచ్చిన పిల్ల. ఏటి నీళ్లలో పాదరసం ఉందని, కడుపుతో ఉన్నవాళ్లు అసలు తాగొద్దని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. ఎగువన దొంగచాటుగా బంగారం తవ్వి, పాదరసంతో దాన్ని వేరుచేసేవాళ్లు నానాకు కావలసినవాళ్లు. అందుకే క్షమాపణ అడిగి, అన్న మాట వెనక్కి తీసుకోమని ఆజ్ఞ. నా కూతురు సెర్వాకు ఏడో నెల. అది తాగేదీ ఆ నీళ్లే.

గడప తొక్కినవాళ్లకు ముందు నీళ్లిచ్చి, తాగాకే వచ్చిన పని అడగడం మా మర్యాద. ఏటి నీళ్ల కుండలోంచి గ్లాసుడు ముంచి ఇచ్చారు. పిల్ల తాగలేదు. సభలో గొణుగుడు మొదలైంది.

"తాగవేమే? నానా ఇంటి నీళ్లు నీకు పనికిరావా?" అన్నాను.

"పనికొస్తాయో లేదో చూద్దాం పెదనాన్నా." సంచిలోంచి రెండు చిన్న సీసాలు తీసింది. వాటిలో ఎర్రటి ద్రవం. "ఇందులో కంటికి ఆనని వెండి నలుసులున్నాయి, వాటి మీద బంగారం పూత. పాదరసం తగిలిందంటే అన్నీ ముద్దకడతాయి, రంగు మారిపోద్ది."

ఒక సీసాలో తను వెంట తెచ్చుకున్న వాననీళ్లు పోసింది. ఎరుపు ఎరుపుగానే ఉంది. రెండోదాంట్లో మేమిచ్చిన గ్లాసులోంచి కొంచెం ఒంపింది. చూస్తుండగానే ఎరుపు ఊదా అయింది, ఆ తర్వాత నీలం. నాకు సెర్వా గుర్తొచ్చింది.

నానా నా వైపే చూసి, "గారడీలు కట్టిపెట్టి తప్పు ఒప్పుకోమను," అన్నాడు.

"చచ్చినా ఒప్పుకోనని చెప్పు పెదనాన్నా. ఎంత తేనె పూసి చెప్తావో చెప్పుకో," అంది పిల్ల.

తేనె కోసం నేను వెతకలేదు. కర్ర ఎడమచేతికి మార్చుకుని, కుడిచేత్తో ఆ గ్లాసు తీసుకుని నానా ముందుకు వెళ్లాను.

"పిల్ల ఒప్పుకోదట నానా. నేనూ ఒప్పుకోమని చెప్పను. ఇంక ఏం మాట్లాడాలన్నా, ముందు ఈ నీళ్లు తాగండి."

ఆయన చెయ్యి చాచలేదు.