కరెంటు కమిటీకి రాజేశ్వరమ్మ దీవెన

రాజేశ్వరమ్మకి కోపం వస్తే గుంటూరు బ్రాడీపేటలో కుక్కలు కూడా సందు మారి పోయేవి. ఏళ్ళ తరబడి లేడీస్ హాస్టల్ నడిపిన మనిషి ఆవిడ. పాలవాడి దగ్గర్నుంచి మునిసిపాలిటీ వాళ్ళ దాకా ఆవిడ నోటికి జడవనివాడు లేడు. అలాంటి మనిషి అమెరికాలోని ఈ ఆష్‌బర్న్‌లో, కూతురింట్లో, అల్లుడి ఎదుట, నెలల తరబడి నోరు కుట్టేసుకుని కూర్చుందంటే లోపల ఎంత ఉడుకుతోందో మీరే ఊహించుకోండి.

ఆ ఉడుకు జనవరిలో వచ్చిన మంచు తుఫానుతో మొదలైంది.

ఆవిడ భర్త పద్మనాభం గారికి ఊపిరితిత్తుల జబ్బు. మంచం పక్కన ఆక్సిజన్ మిషన్ ఉంటుంది. గదిలో గాలినే వడగట్టి, ఆక్సిజన్ తీసి, గొట్టంతో ముక్కులోకి పంపిస్తుంది. కరెంటు ఉంటేనే సుమా. ఆ రోజు పొద్దున్నే కరెంటు పోయింది. మిషన్ కీచుమని అరిచి ఆగిపోయింది. కొరతగా ఉంది, వంతులవారీగా తీస్తున్నాం, గంటలో మీకు మళ్ళీ ఇచ్చేస్తాం అని ఫోన్లో మెసేజ్ వచ్చింది. గంట దాటింది, మధ్యాహ్నమూ దాటింది, కరెంటు జాడ లేదు. అవసరానికి ఉంచుకున్న చిన్న సిలిండర్ కాస్తా ఖాళీ అయింది. పద్మనాభం గారి పెదాలు నేరేడు పండు రంగుకి తిరిగాయి.

అల్లుడు వినీత్ మామగారిని దుప్పట్లో చుట్టి, పసిపిల్లాణ్ణి ఎత్తినట్టు ఎత్తి, కార్లో పడుకోబెట్టి, ఐసు కట్టిన రోడ్డు మీద ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని హాస్పిటల్‌కి డ్రైవ్ చేశాడు. ఆ విషయంలో అల్లుడికి వంక పెట్టడానికి లేదు. కానీ కారు మెయిన్ రోడ్డు ఎక్కగానే రాజేశ్వరమ్మ ఒకటి చూసింది. ఇవతల ఇళ్ళన్నీ చీకటి. అవతల, రాత్రింబవళ్ళు వేల కంప్యూటర్లు నడిచే, కిటికీల్లేని ఆ పెద్ద పెద్ద డేటా సెంటర్లు మాత్రం, మబ్బు కమ్మిన ఆ వేళ, చుట్టూ దీపాలతో పెళ్ళివారి ఇల్లులా వెలిగిపోతున్నాయి.

"వాటికెక్కడిది కరెంటు?" అంది వెనక సీట్లోంచి, భర్త తల ఒళ్ళో పెట్టుకుని.

వినీత్ వైపర్ల వేగం పెంచాడు. అతను ఉద్యోగం చేసేది ఆ డేటా సెంటర్లలో ఒకదాంట్లోనే.

పద్మనాభం గారు బతికి ఇంటికొచ్చారు. కానీ అంతకు ముందు రాత్రి పూట మాత్రమే పెట్టుకునే గొట్టం ఇప్పుడు రోజంతా ముక్కుకే ఉంటోంది. పొద్దున్నే పేపరు తెరిచి లోకంలోని రాజకీయమంతా కామా, ఫుల్‌స్టాప్ లేకుండా చెప్పే మనిషి ఇప్పుడు మంచినీళ్ళు అడగడానికి కూడా మధ్యలో ఆగుతున్నాడు. "ఇంకోసారి ఇలా జరిగితే మా చేతుల్లో ఉండదు" అని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు.

అసలు సంగతి తర్వాత కూతురు త్రివేణి విడమరిచి చెప్పింది. కరెంటు తయారుచేసే కంపెనీలు చలికాలానికి మేం రెడీ అని చెప్పి ఏడాది పొడుగునా డబ్బు పుచ్చుకుంటాయట. తీరా చలి వచ్చేసరికి గ్యాస్ పైపులు గడ్డకట్టాయి, మేమేం చెయ్యలేం అని చేతులెత్తేశాయి. అయినా పుచ్చుకున్న డబ్బు తిరిగి ఇవ్వక్కర్లేదు. రూలు అలా రాసుకున్నారు. ఇక డేటా సెంటర్ల వెనక లారీ అంతేసి డీజిల్ జనరేటర్లు వరసగా ఉంటాయి. కొరత వచ్చినప్పుడు ముందు వాటి మీదికి వెళ్ళండి అని చెప్పే రూలే లేదు. అందుకని ఇళ్ళకి తీశారు.

"అంటే, పెళ్ళికి అడ్వాన్సు తీసుకున్న వంటవాడు ముహూర్తం రోజున మొహం చాటేస్తే, ఆ అడ్వాన్సు వాడికే వదిలేస్తారా?"

"వదిలేస్తారమ్మా."

"దాన్ని రూలంటారటే? పట్టపగలు దోపిడీ అంటారు! నా హాస్టల్లో కరెంటు పోయి ఇన్వర్టర్ మీద పడితే ముందు ఏం కట్టేసేదాన్ని? టీవీ. జ్వరంతో పడుకున్న పిల్ల గదిలో ఫ్యాను ఆపానా ఎప్పుడైనా? ఆ మాత్రం ఇంగితం లేదూ ఇంత పెద్ద దేశానికి!"

ఇప్పుడు ఆ రూలు మార్చే ప్రయత్నం జరుగుతోందట. డబ్బు పుచ్చుకున్నవాడు తుఫానులో కరెంటు ఇచ్చి తీరాలి, ఇవ్వకపోతే తిన్నది కక్కాలి. కొరత వస్తే డేటా సెంటర్లు ముందు సొంత జనరేటర్లు వేసుకోవాలి, ఆ తర్వాతే ఇళ్ళకి కరెంటు తియ్యాలి. ఉగాది వెళ్ళాక వచ్చే గురువారం, కరెంటు రూళ్ళు రాసే కమిటీలో ఓటింగ్. ఈ రూలు గెలిస్తే వచ్చే చలికాలం పద్మనాభం గారి మిషన్‌కి ఢోకా ఉండదు. ఓడితే ఏమవుతుందో డాక్టరు చెప్పనే చెప్పాడు. కమిటీలో సగం మంది ఇటు, సగం మంది అటు. ఎటూ తేల్చకుండా గోడ మీద పిల్లిలా కూర్చున్నది ఒకే ఒక్కడు. ఆయన పేరు హాలోవే.

అదిగో, ఆ హాలోవే గారినే మన తెలుగు సంఘం ఉగాది సంబరాలకి ముఖ్య అతిథిగా పిలిచింది!

పిలిచినవాడు సంఘం ప్రెసిడెంటు జగన్మోహన్. అతనికి కన్సల్టెన్సీ ఉంది, డేటా సెంటర్లకి మనుషుల్ని సప్లై చేస్తాడు. వినీత్‌కి జీతం ఇచ్చేది కూడా అతనే. మనవాళ్ళకో పాడు అలవాటుంది చూశారూ, పదవిలో ఉన్నవాడు కంటబడితే చాలు, వాడు మనకి మేలు చేశాడో మన కొంప ముంచాడో చూడరు, ముందు ఓ శాలువా కప్పి, చేతిలో మెమెంటో పెట్టి ఫోటో దిగేస్తారు. ఈసారి శాలువాతో సరిపెట్టుకోలేదు జగన్మోహన్. ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళందరిలోకీ పెద్దావిడ చేత హాలోవే గారికి అక్షింతలు వేయించి, దీవెన ఇప్పించాలట. కల్చరల్‌గా గ్రాండ్‌గా ఉంటుందట. ఎవరా పెద్దావిడ అని వెతికితే రాజేశ్వరమ్మ దొరికింది.

ఆ కబురు మోసుకొచ్చింది వినీతే. అత్తగారి ఎదురుగా సోఫా అంచున కూర్చున్నాడు.

"అత్తయ్యగారూ, జస్ట్ రెండు మాటలు. నూరేళ్ళు వర్ధిల్లు అని అక్షింతలు వేసేస్తే చాలు. ఆ తుఫాను విషయం మాత్రం స్టేజ్ మీద ఎత్తకండి, ప్లీజ్. జగన్మోహన్ గారికి కోపం వస్తే నన్ను ప్రాజెక్ట్‌లోంచి తీసి, పనీ జీతమూ లేకుండా బెంచ్ మీద కూర్చోబెడతారు. అసలే లేఆఫ్స్ టైము. ఇంటి అప్పు, అదే మార్ట్‌గేజ్, కట్టడం కష్టమవుతుంది."

రాజేశ్వరమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. మొగుణ్ణి చావు అంచుకి తోసిన రూలు ఎవరి చేతిలో ఉందో వాడి నెత్తిన తాను అక్షింతలు వెయ్యాలా! కానీ అల్లుడింటి ఉప్పు తింటూ అల్లుడి పొట్ట మీద కొట్టకూడదు. "అలాగే బాబూ" అంది. ఆ క్షణంలో నిజంగా అలాగే చేద్దామనుకుంది.

ఉగాది సంబరాల రోజు త్రివేణి తండ్రి దగ్గర ఉండిపోయింది. బయల్దేరే ముందు రాజేశ్వరమ్మ భర్త ముక్కు దగ్గర గొట్టం సరిచేసింది.

"చీర... బాగుంది" అన్నారు పద్మనాభం గారు. మళ్ళీ గాలి అందుకుని, "అల్లుడు... ఇబ్బంది పడకుండా... చూడు" అన్నారు.

ఆ నాలుగు మాటలకి ఆయన పడ్డ అవస్థ చూసి ఆవిడ చప్పున మొహం తిప్పేసుకుంది.

హైస్కూలు ఆడిటోరియం కిటకిటలాడుతోంది. ప్లాస్టిక్ కప్పుల్లో ఉగాది పచ్చడి, పట్టు పరికిణీల్లో పిల్లలు, ఎవరి ఫోన్లలో వాళ్ళు. డాన్సులయ్యాక జగన్మోహన్ అతిథిని స్టేజ్ మీదికి తెచ్చాడు. కాసేపు ఇంగ్లీషులో పొగిడి, తర్వాత తెలుగులోకి దిగాడు.

"హాలోవే గారు మన కమ్యూనిటీకి గొప్ప మిత్రులు. మొన్న జనవరి తుఫానులో అంత కొరతలో కూడా, మనందరికీ అన్నం పెట్టే డేటా సెంటర్లని ఒక్క సెకను ఆగకుండా నిలబెట్టిన కమిటీ వారిది. గట్టిగా చప్పట్లు!"

కొట్టారండీ చప్పట్లు! ఆ రోజు చీకట్లో రగ్గులు కప్పుకుని, పిల్లలకి పాలు వెచ్చబెట్టుకునే దారి లేక కూర్చున్నవాళ్ళే కొట్టారు. రాజేశ్వరమ్మ ఒళ్ళంతా ఒక్కసారి భగ్గుమంది. వీళ్ళకి బుద్ధీ జ్ఞానం ఉన్నాయా? మన ఇంటి దీపం ఆర్పి పక్కవాడి గోడౌనుకి వెలుగిచ్చినందుకు చప్పట్లా?

అప్పుడు ఆవిడని పిలిచారు. ఎవరో అక్షింతల పళ్ళెం పట్టుకున్నారు. జగన్మోహన్ మైకు అందించి, "అమ్మగారు తెలుగులో దీవిస్తారు, నేను ఇంగ్లీషులో చెబుతాను" అన్నాడు. హాలోవే గారు తెల్లగా నవ్వుతూ నిలబడ్డాడు.

రాజేశ్వరమ్మ గుప్పెడు అక్షింతలు తీసింది. నోట్లోంచి దీవెన మాత్రం రాలేదు.

"నాయనా, నిన్ను దీవించమన్నారు. ఎలా దీవించను? డబ్బు పుచ్చుకుని కరెంటు ఎగ్గొట్టినవాణ్ణి నువ్వు అడగవు. జనరేటర్లు పెట్టుకున్నవాణ్ణి వేసుకోమనవు. ఆక్సిజన్ మిషన్ మీద బతికే ముసలాయన ఇంటికి మాత్రం కరెంటు పీకుతావు. మా ఆయన నా ఒళ్ళో నీలం తిరిగిపోయాడయ్యా! నీకు సిగ్గుండాలి. గురువారం ఆ రూలు మార్చు. మార్చాక రా, అప్పుడు దీవిస్తాను."

హాలోవే గారు జగన్మోహన్ వైపు తిరిగాడు. జగన్మోహన్ గొంతు సవరించుకుని ఇంగ్లీషులో ఏదో ధారాళంగా చెప్పుకుపోయాడు. అందులో 'లాంగ్ లైఫ్', 'హ్యాపీ', 'బ్లెస్సింగ్స్' అన్నవి ఆవిడ చెవిన పడ్డాయి. హాస్టల్ పిల్లల గ్రీటింగ్ కార్డుల్లో ఏటా చూసిన మాటలు, ఆ మాత్రం తెలియవా? హాలోవే గారి మొహం విప్పారింది. "నమస్తే, థాంక్యూ" అంటూ చేతులు జోడించి, అక్షింతల కోసం తల వంచాడు.

సిగ్గుండాలి అంటే తల వంచుతాడేమిటి వీడు!

"ఏం చెప్పావయ్యా ఆయనకి?"

"మీరన్నదేనమ్మా. కొంచెం పాలిష్ చేశానంతే."

"సిగ్గుండాలి అన్నదానికి పాలిష్ ఏమిటి?"

జగన్మోహన్ మైకు మీద చెయ్యి అడ్డం పెట్టి, ఆవిడ చెవి దగ్గరికి వంగాడు. పళ్ళన్నీ నవ్వుతూనే ఉన్నాయి. "అమ్మా, ఇది సందర్భం కాదు. మీ అల్లుడి ఉద్యోగం సంగతి కూడా కాస్త ఆలోచించుకోండి."

ఆవిడ రెండో వరసలో ఉన్న వినీత్ వైపు చూసింది. అతను తల దించుకుని తన బూట్లు చూసుకుంటున్నాడు. ఆవిడకి అల్లుడి మీద కోపమొచ్చింది, జాలేసింది, మళ్ళీ కోపమొచ్చింది. సరే, ఎవరూ చెప్పకపోతే తనకి నోరు లేదా? ఇంగ్లీషు రాదు, నిజమే. కానీ పవర్ కట్టూ, ఆక్సిజనూ, హాస్పిటలూ, ఓటూ గుంటూరులో పుట్టిన దగ్గర్నుంచీ అంటున్న మాటలే కదా! జగన్మోహన్ చెయ్యి విదిలించి కొట్టి, మైకు నోటి దగ్గర పెట్టుకుంది.

"మిస్టర్! నో బ్లెస్సింగ్. పవర్ కట్. ఆక్సిజన్ మిషన్ స్టాప్. మై హస్బెండ్ హాస్పిటల్. యువర్ రూల్! థర్స్‌డే ఓటు, యెస్సా, నోనా?"

హాలోవే గారు వంచిన తల ఎత్తాడు. మొహంలో నవ్వు లేదు. ఒకసారి జగన్మోహన్ వైపు చూసి, తర్వాత ఆవిడతో మెల్లగా, పొడుగ్గా ఏదో చెప్పాడు. జగన్మోహన్ వెంటనే అందుకున్నాడు. "ఆయన చాలా బాధపడుతున్నారమ్మా, తప్పకుండా మీకు..."

"నువ్వు నోరు ముయ్యి!"

ఆ కేక మైకులోంచి హాలంతా మోగింది. వెనక కాఫీ దగ్గర కబుర్లాడుతున్నవాళ్ళు కూడా తిరిగి చూశారు.

"అల్లుడు గారూ! ఆ రోజు మీ మామగారిని ఎత్తుకున్నది మీరు. ఆయన ఊపిరి మీ భుజం మీద తెలిసింది మీకు. ఈ పెద్దమనిషి ఏమంటున్నాడో మీరు చెబితేనే నమ్ముతాను."

వినీత్ లేచాడు. "కూర్చో వినీత్" అన్నాడు జగన్మోహన్, ఆఫీస్ గొంతుతో. వినీత్ కూర్చోలేదు. స్టేజ్ ఎక్కి అత్తగారి పక్కకి వచ్చాడు.

"గురువారం ఎటు ఓటు వేస్తారో ఇప్పుడే చెప్పలేరట అత్తయ్యగారూ. రూల్‌ని ఇంకా స్టడీ చెయ్యాలట. వాయిదా వేసి, వచ్చే ఏడాది చూద్దామంటున్నారు."

"వచ్చే ఏడాదా? ఈ లోపల చలికాలం రాదూ?"

"వస్తుంది."

"ఆయన చదువు పూర్తయ్యేదాకా మా ఆయన ఊపిరి బిగబట్టుకుని కూర్చోవాలా? అడగండి."

వినీత్ ఆవిడ చేతిలోంచి మైకు తీసుకున్నాడు. ఇంగ్లీషులో అడిగాడు. ఏ మాటా మెత్తబరచలేదని హాలోవే గారి మొహం చూస్తేనే తెలిసింది. హాల్లో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. హాలోవే గారు వాచీ చూసుకున్నాడు.

జగన్మోహన్ సౌండ్ వాళ్ళకి సైగ చేశాడు. మైకు ఆగిపోయింది.

వినీత్ మైకు కింద పెట్టేసి, అదే ప్రశ్న మళ్ళీ అరిచి అడిగాడు.