అక్క నూరిన కారం

మా మకోలా సంతలో పేరు లేని గుడ్డ అమ్ముడుపోదు. మిల్లువాళ్లు అద్దకం వేసి పంపుతారు, దానికి పేరు పెట్టి బతికించేది గుడ్డలమ్మే మా ఆడవాళ్లే. మిల్లులో బొమ్మలు గీసే కోబినా ఒకరోజు నల్లటి గుడ్డ మీద ఎర్ర మిరపకాయలు, కారం నూరే మట్టిచిప్ప వేసి తెచ్చాడు. ఆ చిప్ప ఎవరిదని అడిగాను. తల్లి పోయాక అక్క మన్సా కారం నూరి, పులిసిన మొక్కజొన్న పిండితో కెంకీ ముద్దలు చేసి అమ్మి తనను పెంచిందన్నాడు. 'అక్క నూరిన కారం' అని అక్కడికక్కడే పేరు పెట్టేశాను. మా దగ్గర ఎవరైనా పోతే అయినవాళ్లంతా ఒకే రకం గుడ్డ కడతారు. ఆ ఏడు తీరం పొడుగునా చావులకు అదే కట్టారు. మన్సా పెద్దక్క మురిసిపోయి, తను పోయిననాడు అయినవాళ్లంతా ఇదే కట్టాలని, అదీ తమ్ముడి మిల్లుదే అయి ఉండాలని మా ఇద్దరి దగ్గరా మాట తీసుకుంది.

ఏడాది తిరక్కుండానే ఓడల్లో నకిలీ దిగింది. అదే చిప్ప, అవే మిరపకాయలు, ధర మాత్రం సగం. మిల్లులో మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి. మిల్లువాళ్లు, మేము కలిసి సంఘం పెట్టుకున్నాం. దొరికిన నకిలీని తగలబెట్టాలి, అమ్మినవాడి కొట్టుకు తాళం వేయాలి, అలాంటి చట్టం కావాలని అడిగాం. నోరున్నదాన్ని కాబట్టి నన్ను ముందు నిలబెట్టారు. చెప్పులరిగేలా తిరిగితే చివరికి ఒక పెద్ద అధికారి, అసలుకూ నకిలీకీ తేడా ముందు జనానికి తెలియాలి కదమ్మా అన్నాడు.

అదెంత పని అనుకున్నాం. కోబినా కూర్చుని గోడపత్రిక గీశాడు. అద్దకానికి పూసిన మైనం పగిలిన చోట రంగు దిగి సన్నటి నరాల్లా గీతలు పడతాయి, అవి చూడండి. గుడ్డ తిరగేయండి, వెనకా అదే రంగు ఉండాలి. అంచున మిల్లు ముద్ర ఇలా ఉంటుంది. సంతలో ప్రతి స్తంభానికీ నా చేత్తోనే అంటించాను. దొంగ చేతికి తాళాలివ్వడమంటే అదే. మరుసటి ఓడలో వచ్చిన గుడ్డకు నరాలున్నాయి, వెనక రంగుంది, ముద్ర కూడా ఉంది. మేం నేర్పిన పాఠం వాళ్లు ఒక్క అక్షరం పొల్లుపోకుండా ఒప్పజెప్పారు.

చట్టం గురించి విచారణ పెట్టినప్పుడు దాని అధ్యక్షుడు బల్ల మీద రెండు ముక్కలు పరిచి, మీది ఏదని కోబినాను అడిగాడు. కోబినా తిరగేశాడు, వెలుతురుకు పట్టాడు, వేళ్లతో నలిపి చూశాడు. చివరికి ఒకటి తీసి గుండెకు ఆనించుకున్నాడు. అది రేవులో పట్టుకున్న నకిలీ మూటలోది.

"కన్నవాడివి నువ్వే పోల్చుకోలేకపోతే పోలీసులేం పోల్చుకుంటారయ్యా?" అన్నాడు అధ్యక్షుడు. వెటకారం లేదు, జాలిగానే అన్నాడు. అదే ఎక్కువ మండింది నాకు. ఆ చట్టం కాగితాలు మళ్లీ పైకి రాలేదు. వానలు మొదలయ్యేసరికి మిల్లు గేటుకు తాళం పడింది. మేం కొట్లకు అడిగిన తాళం అది.

నేనూ కడుపుకు అన్నం తినేదాన్నే. ఇప్పుడు నా కొట్లో ఉన్నదంతా ఓడ సరుకే. సిగ్గుగానే ఉంటుంది, అయినా అమ్ముతాను.

మొన్న కోబినా వచ్చాడు. మన్సా పెద్దక్క పోయింది. చావుగుడ్డ కావాలి, ఇంటిల్లిపాదికీ. నేను గుడ్డ తాను ఒకటి దించి పరిచాను. అలవాటుగా తిరగేసి వెనక చూశాడు. నరాల మీద వేలు పెట్టి, మనకంటే సన్నగా తీశారన్నాడు.

"అన్నా, పెద్దక్క మిల్లుదే కట్టాలంది కదా," అన్నాను, ఆగలేక.

"ఆమెకేం తెలుస్తుందిలే అరబా. గీసినవాడికే తెలియలేదు."

గజంబద్ద తీసుకుని కొలవడం మొదలుపెట్టాను.