ఆస్పత్రికి నడిచిన మంచం

ఆ ఇంట్లో పొద్దున్నే జరిగే మొదటి పని మంచాన్ని వెనక్కి నెట్టడం. టీ అయినా, పళ్ళు తోముకోవడమయినా ఆ తర్వాతే. రాత్రి గోడవారగా ఉన్న మంచం తెల్లారేసరికి జానెడో బెత్తెడో జరిగి ఉండేది. మొగుడు తలవైపు, పెళ్ళాం కాళ్ళవైపు పట్టుకుని "ఊఁ, పట్టు" అనుకుంటూ దాన్ని మళ్ళీ చోట్లో పెట్టేవాళ్ళు. అది అత్తగారి పుట్టింటి నుంచి వచ్చిన బరువైన చెక్క మంచం. దాని సంగతి వీధి వీధంతటికీ తెలుసు. "వాళ్ళది నడిచే మంచంలెండి" అనేవాళ్ళు, ఎదురింటివాళ్ళ కుక్క కరుస్తుందని చెప్పినంత మామూలుగా.

అతను లిఫ్ట్ మెకానిక్. ప్రతిదానికీ ఎందుకు, ఎందుకు అని తవ్వే అలవాటు ఉండటంతో తోటివాళ్ళు "ఎందుకయ్య" అని పిలిచేవాళ్ళు. ఎక్కడైనా లిఫ్ట్ కీచుమంటే గోడకి చెవి ఆనించి, ఆ చప్పుడు తాడుదో, చక్రానిదో, తలుపుదో తేలేదాకా కదిలేవాడు కాదు. ఆమె డ్రైవింగ్ నేర్పించేది. ఎంత కంగారు మనిషైనా ఆమె పక్క సీట్లో కూర్చుంటే స్టీరింగు నెమ్మదిగా పట్టుకునేవాడు. పెళ్ళయి రెండేళ్ళు. అత్తగారు, అంటే అతని తల్లి, వాళ్ళతోనే ఉండేది.

ఆమధ్య వేరే ఊళ్ళో కొత్త భవనానికి లిఫ్టులు బిగించే పని పడింది. అతను కొన్నాళ్ళు అక్కడే ఉండి వచ్చాడు. వచ్చిన కొద్ది రోజులకే మూత్రం పోసేటప్పుడు మంట మొదలైంది. మొదట సూది మొనతో గీసినట్టు, తర్వాత నిప్పుకణిక జారినట్టు.

"వేడి చేసుంటుందిరా" అంది తల్లి, అతను మాటిమాటికీ బాత్రూమ్‌కి పోవడం చూసి. "ఆ ఊళ్ళో నీళ్ళు తాగావో లేదో."

అతనికీ ఆ మాటే నచ్చింది. చెంబులకి చెంబులు నీళ్ళు తాగాడు. లోకంలోని ప్రతి చప్పుడుకీ కారణం వెతికేవాడు, తన ఒంట్లోని మంటని మాత్రం ఎందుకు అని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే జవాబు ఆ ఊళ్ళో, పని చేసిన భవనం పక్కన కాంటీన్ నడిపే ఆవిడ దగ్గర మొదలవుతుందని అతనికి లోలోపల తెలుసు.

ఆ వారం మంచం బెత్తెడు కాదు, గది దాటి హాల్లోకి వచ్చింది.

"దీనికేం పుట్టింది?" అంది భార్య.

"చెక్కకి తేమ తగిలుంటుంది."

"తేమ తగిలితే ఉబ్బుతుంది గానీ, నడుస్తుందా?" అని నవ్విందామె.

ఇంకొన్నాళ్ళకి పొద్దున్న లేవగానే లోదుస్తులకి జిగటగా ఒక మరక కనిపించసాగింది. అంగం కొనలో దురద. అతను ఆ బట్టలు తనే ఉతుక్కున్నాడు. తర్వాత, దేవుడు కరుణించినట్టు, మంట దానంతట అదే తగ్గిపోయింది. మరకా పోయింది. గుండె మీది బండ దిగింది. అతను ఈల వేసుకుంటూ పనికి బయల్దేరిన రోజున మంచం వరండాలో ఉంది.

"ఇది ఊరికే ఇంత దూరం నడవదురా" అంది తల్లి, దాని పట్టె మీద చెయ్యి వేసి. "ఇంట్లో ఎవరి గొంతులోనైనా మాట అడ్డం పడితేనే దీనికి గది దాటే కాళ్ళొస్తాయి. మీ నాన్న ఉద్యోగం పోయిన సంగతి దాచినప్పుడు వంటింటి దాకా వచ్చింది. వరండా దాకా రావడం మాత్రం నేనెప్పుడూ చూడలేదు."

"గాలి కోసం వచ్చుంటుందిలే అమ్మా" అని అతను చెప్పులేసుకున్నాడు.

ఆ రోజు పని ఒక ఆస్పత్రిలో. బాగుచేసిన లిఫ్ట్‌ని పైకీ కిందకీ నడిపి చూస్తుంటే ఒక డాక్టరమ్మ ఎక్కింది. రెండంతస్తుల మధ్య లిఫ్ట్ ఆగిపోయింది.

"కంగారు పడకండి, ఇప్పుడే కదులుతుంది" అన్నాడు అతను, స్విచ్చుల పెట్టె మూత విప్పుతూ. ఆమె కంగారు పడలేదు. గోడకి ఆనుకుని నిలబడింది. ఆ నాలుగు గోడల మధ్య, ఎన్నాళ్ళగానో అణిచిపెట్టిన 'ఎందుకు' అతని నోట్లోంచి తన్నుకొచ్చింది.

"డాక్టరుగారూ, ఒక మాట అడగొచ్చా? నాకో ఫ్రెండున్నాడు."

"ఉంటాడు" అంది ఆమె. "ఏమైంది అతనికి?"

"మూత్రానికి వెళ్తే మంట. పొద్దున్నే... జిగటగా ఒక చుక్క. కొంచెం దురద. కానీ వాడికి తగ్గిపోయిందండీ. దానంతట అదే."

"తగ్గలేదు, దాక్కుంది. మూత్రం వచ్చే గొట్టంలో వాపు అది. ఎక్కువగా కలయికలో అంటుకునే క్రిములతో వస్తుంది. మంట పోయినా క్రిమి లోపలే కూర్చుంటుంది. చప్పుడు ఆగినంత మాత్రాన లిఫ్ట్ బాగైనట్టేనా?"

"కాదండీ. ఒక్కోసారి చప్పుడు ఆగితేనే భయపడాలి."

"అదే. మీ ఫ్రెండుకి పెళ్ళయిందా?"

"అయిందండీ. ఆవిడకేమీ లేదు. రాయిలా ఉంది."

"ఆడవాళ్ళలో చాలామందికి ఏ లక్షణమూ కనిపించదు. తెలియకుండానే గర్భసంచి దాకా, అండం దిగే గొట్టాల దాకా పాకుతుంది. అందుకే ఇద్దరూ ఒకేసారి మందు వేసుకోవాలి. మందు పూర్తయ్యాక కూడా వారం దాకా ఒకరి దగ్గరికి ఒకరు వెళ్ళకూడదు. లేదంటే ఆయన నుంచి ఆవిడకి, ఆవిడ నుంచి ఆయనకి, బంతాటలా తిరుగుతూనే ఉంటుంది."

లిఫ్ట్ కదిలింది. తలుపు తెరుచుకుంది. బయటికి అడుగేస్తూ ఆమె వెనక్కి తిరిగింది. "మీ ఫ్రెండుని లాబ్‌కి పంపండి. చీటీ మీద మీ పేరు రాయించినా ఫర్వాలేదు."

అతని చెవులు ఎర్రబడ్డాయి. లాబ్‌కి వెళ్ళాడు. మూత్రంలో క్రిమి ఉందని తేలింది. డాక్టరమ్మ మాత్రలిచ్చి, "ఈసారి ఆవిడతో కలిసి రండి, ఆలస్యం చెయ్యొద్దు" అంది. సరేనండీ అన్నాడు.

ఇంటికెళ్ళేసరికి భార్య, బ్రేకనుకుని ఇంకోటి తొక్కి చెత్తకుండీని గుద్దిన శిష్యుడి కథ చెబుతూ, నవ్వాపుకోలేక గోడ పట్టుకుంటోంది. ఆ నవ్వులో ఈ మాట ఎలా వెయ్యడం? రేపు చెబుదాం అనుకున్నాడు. ఆ రేపు ఎంతకీ రాలేదు. నడుం నొప్పి అని చెప్పి చాప తెచ్చుకుని నేల మీద పడుకోవడం మొదలుపెట్టాడు. తన మాత్రలు తను మింగాడు. తనకి నయమైతే సగం నయమైనట్టే కదా అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు.

ఒక సెలవు రోజు మధ్యాహ్నం ఆమె, ఒళ్ళంతా బద్ధకంగా ఉందని, మళ్ళీ వరండాలోకి వచ్చి ఉన్న మంచం మీద వాలి నిద్రపోయింది. అతను బజారు నుంచి వచ్చేసరికి వరండా ఖాళీ. తల్లి గేటు దగ్గర నిలబడి ఉంది.

"అటు వెళ్ళింది" అంది వీధి చివరికి చెయ్యి చూపిస్తూ. "మెట్లు ఎంత నెమ్మదిగా దిగిందో! కోడలికి నిద్రాభంగం కాకూడదని కాబోలు."

అతను సంచీ అక్కడే పడేసి పరిగెత్తాడు. దారంతా మనుషులు పక్కకి జరిగి నిలబడి ఉన్నారు. కూరగాయలాయన బండి వెనక్కి లాక్కున్నాడు. బస్సు డ్రైవరు హారన్ కొట్టకుండా ఓపిగ్గా వెనకే వస్తున్నాడు. సిగ్నల్ దగ్గర మంచాన్ని అందుకున్నాడు. ఆమె నిద్ర లేచి, బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది.

"ఎర్ర లైటుకి ఆగింది, చూశారా? నా శిష్యుల్లో సగం మంది కంటే నయం. ఎక్కడికి వెళ్తోందంటారు?"

అతను మంచం కోడుని రెండు చేతులా పట్టుకున్నాడు. పచ్చ లైటు పడగానే అది అతన్నీ ఈడ్చుకుని కదిలింది.

"వదిలెయ్యండి, చెయ్యి నలుగుతుంది" అంది ఆమె. ఆమె కళ్ళు మెరుస్తున్నాయి. "ఎక్కడికో చూడాలనుంది నాకు."

ఆస్పత్రి గేటు దగ్గర వాచ్‌మన్, "లోపల మంచాలు బోలెడున్నాయి కదమ్మా, మళ్ళీ ఇదెందుకు?" అంటూనే రెండో తలుపు కూడా తెరిచాడు. మంచం వరండా దాటి ఆ డాక్టరమ్మ గది ముందు ఆగింది. డాక్టరమ్మ బయటికొచ్చి, మంచాన్ని కాదు, అతన్ని చూసింది.

"చెప్పారా?"

"లేదండీ."

"చెప్పి, ఇద్దరూ లోపలికి రండి" అని ఆమె తలుపు దగ్గరగా వేసింది.

అతను చెప్పాడు. మాత్రలు, మరక, మంట, కాంటీన్ ఆవిడ, అన్నీ వెనక నుంచి ముందుకి చెప్పాడు. ఆమె మంచం మీదే కూర్చుని, చెప్పడం ఆగేదాకా వింది.

"ఒక్కసారేనా?"

"కాదు."

"మంట మొదలయ్యాక కూడా నా పక్కన పడుకున్నావు" అంది. పెళ్ళయిన దగ్గర్నుంచీ మీరు అన్న నోరు అది. ఆ ఒక్క 'నువ్వు'కి అతని తల వాలిపోయింది.

"వేడి అనుకున్నాను."

"ముందు అనుకున్నావు. తర్వాత తెలిసింది. తెలిశాక ఏం చేశావు? బ్రేకులు లేని బండిలో నన్ను కూర్చోబెట్టి, నువ్వు మెల్లగా దిగిపోయావు."

పరీక్షలు చేశారు. క్రిమి ఆమెలోనూ ఉంది. ఇంకో సంగతి కూడా బయటపడింది. ఆమెకి రెండో నెల.

డాక్టరమ్మ ఆమె వైపే తిరిగి మాట్లాడింది. "మంచి వేళకి వచ్చారు. తెలియకుండా నెలలు నిండి ఉంటే కాన్పులో బిడ్డ కళ్ళకి అంటుకోవచ్చు, ఊపిరితిత్తులకీ అంటుకోవచ్చు. కడుపుతో ఉన్నవాళ్ళు వేసుకోదగ్గ మందే ఇస్తాను. కొన్ని వారాలయ్యాక మళ్ళీ పరీక్ష చేద్దాం."

"నేను రాలేదండీ" అంది ఆమె, తలుపు బయటికి చూస్తూ. "అది తీసుకొచ్చింది."

భర్త వైపు తిరిగింది. "ఆవిడకి తెలుసా?"

"ఎవరికి?"

"కాంటీన్ ఆవిడకి. ఆమెకీ ఏమీ తెలిసి ఉండదు కదా. ఫోన్ చెయ్యి. ఇక్కడే."

చేశాడు. తిట్లు పడతాయనుకున్నాడు. అవతల గిన్నెల చప్పుడు ఆగింది. తర్వాత ఆవిడ, "ఏ పరీక్ష చేయించుకోవాలో నెమ్మదిగా చెప్పు" అంది. విన్నాక, "మీ ఆవిడ ఎలా ఉంది?" అని అడిగింది.

తిరుగు ప్రయాణంలో ఆమె మంచం ఎక్కింది. అతను పక్కన కూర్చోబోతే, "నువ్వు నడిచి రా" అంది.

ఇంట్లో తల్లికి కూడా అతనే చెప్పాడు. ఆవిడ నేరుగా కోడలి దగ్గరికి వెళ్ళి, "ఎవరైనా ఈ ఇల్లు వదలాల్సి వస్తే వీడు వదులుతాడు, నువ్వు కాదు" అంది. మరుసటి పరీక్షలో ఇద్దరిలోనూ ఏమీ లేదని వచ్చింది. అయినా అతని చాప హాల్లోనే ఉండిపోయింది. ఆమె క్షమించిందా అంటే చెప్పలేం. ఉండనిచ్చింది. కూరలు తరగమంటే తరిగేవాడు, ఆస్పత్రికి తోడు రమ్మంటే వెళ్ళేవాడు, అడిగినదానికల్లా ఉన్నదున్నట్టు చెప్పేవాడు. ఆమె చాలా అడిగింది. కొన్ని రెండుమూడుసార్లు అడిగింది.

నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది. నర్సు తుడిచి తల్లి పక్కన పడుకోబెట్టగానే కళ్ళు తెరిచింది. నల్లగా, తేటగా, కొత్త గాజుగోళీల్లా ఉన్నాయవి. పిల్ల వెలుతురు వైపు తిరిగింది, వెలుతురు నుంచి తండ్రి మొహం వైపు తిరిగింది. అతను ఆ కళ్ళనే చూస్తూ నిలబడిపోయాడు.

"ఇది పెద్దయ్యాక," అంది ఆమె నీరసంగా, "మన మంచం ఎక్కడిదాకా నడిచిందని అడుగుతుంది."

"చెబుతాను."

"ఎందుకు నడిచిందని కూడా అడుగుతుంది. నీ కూతురు కదా."

"అదీ చెబుతాను."

ఆమె కాస్త లేచి కూర్చుంది. తర్వాత పిల్లని రెండు చేతులా ఎత్తి అతనికి అందించింది.

"తల కింద చెయ్యి పెట్టి పట్టుకో" అంది.