వారానికొకటి

జనవరి చివర్లో భాగ్యవతికి టైఫాయిడ్ ముదిరి చిన్నపేగుకు చిల్లు పడింది. విజయవాడలో ఆపరేషన్ చేసి, పేగు చివరను పొట్ట మీదికి తీసి కుట్టారు. ఆ ఎర్రటి చివరను స్టోమా అంటారని, ఏడెనిమిది నెలలాగి మళ్ళీ లోపల కలుపుతామని, అప్పటిదాకా దొడ్డికి అక్కడినుంచే వస్తుందని డాక్టరు చెప్పాడు. చర్మానికి అంటుకునే ప్లేటు, దానికి తగిలించే సంచి ఇచ్చారు. ఇంటికి పంపే రోజున ఒకతను వచ్చి, అట్టముక్క మీద గుండ్రంగా గీసి, ప్లేటులో రంధ్రం ఆ కొలతకు కత్తిరించుకోమని చూపించాడు.

"ఎన్ని రోజులకి మార్చాలండీ?" అని భాగ్యవతి అడిగింది.

"పాడైతే మార్చుకోండి," అంటూనే అతను పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆ జవాబు ఆమె భర్త చిన్నరాయప్పకు చాలలేదు. అతను ముసునూరు చుట్టుపక్కల తోటల్లో మామిడికాయ కోసే మనిషి. చిటారు కొమ్మనున్న కాయనైనా చిక్కం కర్రతో దెబ్బ తగలకుండా దించుతాడు. ఏ పనికైనా ఒక పద్ధతి ఉండాలంటాడు. నూజివీడులో మందుల షాపతన్ని అడిగితే వారం ఆగుతుందన్నాడు. ఇక ఆ ఇంట్లో అదే చట్టమైంది.

ఫిబ్రవరిలో ఒకసారి షాపుకు సరుకు ఆలస్యంగా వచ్చింది. ఆరు రోజులపాటు భాగ్యవతి పాత చీర పేలికలూ పాలిథిన్ కవర్లూ పొట్టకు కట్టుకుని, మంచం దిగకుండా గడిపింది. అది చూసినప్పటినుంచి చిన్నరాయప్ప సంచులూ ప్లేట్లూ బీరువాలో పెట్టి తాళం వేయసాగాడు. ప్రతి ఆదివారం చర్చికి బయల్దేరేముందు ఒక జత తీసి, అట్టముక్క ప్రకారం ఒద్దికగా కత్తిరించి భార్య చేతికి ఇచ్చేవాడు.

మార్చి దాటేసరికి ప్లేటు అంచు మూడో రోజుకే లేవడం మొదలైంది.

"మంటగా ఉందయ్యా. కింద కారతన్నట్టుంది," అంది భాగ్యవతి.

"ఇయ్యాళ బుధవారమేగా. ప్లాస్టర్ వేస్తా ఉండు."

"ప్లాస్టర్ వేస్తే లోపలిది ఎక్కడికి పోద్ది? నా చర్మం మీదే నిలవుంటది."

"ఎండాకాలం, చెమటకి మండుద్దిలే. తొందరపడి వాడేసి, మళ్ళీ సరుకు లేదంటే ఏం చేస్తావు?"

ఆ మాటతో ఆమెకు పేలికల వారం గుర్తొచ్చేది. కానీ ప్లాస్టర్ అంటించే అతని చేతిని చూస్తుంటే, లాగి కొట్టాలన్నంత కోపం వచ్చేది. ఆదివారం ప్లేటు తీసినప్పుడల్లా స్టోమా చుట్టూ చర్మం తోలు వలిచినట్టు ఎర్రగా, చెమ్మగా కనబడేది. సబ్బునీళ్ళు తగిలితే పళ్ళు బిగబట్టి గోడకేసి తిరిగేది.

ఏప్రిల్ మధ్యలో బంగినపల్లి కోత జోరందుకుంది. డాక్టరు బరువులెత్తొద్దన్నాడు కాబట్టి భాగ్యవతి లోడు కట్టే షెడ్డులో కూర్చుని కాయలు ఏరే పనికి కుదిరింది. పనిలో చేరిన రెండో వారం శుక్రవారం నాడు, పదకొండు గంటలప్పుడు, ప్లాస్టర్ ఒక పక్క ఊడింది. వెచ్చగా తొడ మీదికి కారడం తెలిసేలోపే చీర తడిసింది. పక్కన కూర్చున్న రమణమ్మ ముందు ముక్కు మూసుకుంది, తర్వాత తన పీట దూరంగా జరుపుకుంది. షెడ్డు చూసుకునే రాఘవేంద్ర వచ్చి నిలబడ్డాడు.

"ఇంటికెళ్ళమ్మా. కాయకి వాసన పడితే లోడు వెనక్కొస్తది," అన్నాడు.

భాగ్యవతి లేచి నిలబడింది. షెడ్డులో పాతికమంది చేతులు ఆగిపోయాయి. "పేగు కోయించుకున్నా. దొంగతనం చేసి రాలేదు. అట్టా చూస్తారేంటి?" అని మాత్రం అంది. తడిసిన చీరతో రోడ్డు మీద కిలోమీటరు నడిచి ఇంటికొచ్చింది.

తాళంచెవి భర్త మొలతాడుకు ఉంది. అతను జి. కొండూరు వైపు తోటలో ఉన్నాడు. ఆమె పెరట్లోంచి గునపం తెచ్చి బీరువా తలుపు సందులో దూర్చింది. కుట్లు పడిన పొట్ట నొప్పి పుడుతున్నా ఆపలేదు. మూడో ఊపుకు తలుపు వంగింది.

కొత్త ప్లేటు అంటించుకుంటే పచ్చి చర్మం మీద నిలవలేదు. సాయంత్రానికి ఊడింది. ఇంకోటి వేసుకుంది. మర్నాడు పొద్దున అదీ జారింది. మూడోది చేతిలో పట్టుకుని ఉండగా, రాత్రి తోటలోనే ఉండిపోయి అప్పుడే వచ్చిన చిన్నరాయప్ప వంగిన బీరువా ముందు నిలబడి అరిచాడు.

"మూడు వారాలవి ఒక్కరోజులో తగలేశావు. నీకు మతి ఉందా?"

"చూడు," అంది ఆమె. జాకెట్టు కిందినుంచి తువ్వాలు తీసేసింది. "దగ్గరికొచ్చి చూడు. ఆదివారం ఆదివారం కాగితం కత్తిరించినట్టు కత్తిరించిస్తావుగా, అది అంటించే చోటు ఎప్పుడైనా చూశావా?"

అతను చూశాడు. ఒక అరచెయ్యంత మేర చర్మం లేదు. అక్కడక్కడా నెత్తురు ఊరుతోంది. అతను తల తిప్పుకున్నాడు. ఆ తల తిప్పుకోవడం ఆమెను అరుపు కంటే ఎక్కువ మండించింది.

వాళ్ళ కూతురు షీబా నూజివీడులో జిరాక్స్ సెంటర్ నడుపుతుంది. ఆమె ఆ రోజంతా ఫోన్లు చేసి, ఏలూరులో ఇలాంటివాళ్ళను చూసే నర్సు ఒకామె ఉందని కనుక్కుంది. సోమవారం ముగ్గురూ బస్సెక్కారు.

నర్సు పేరు అనూష. ఆమె పుండును చూసి ముఖం చిట్లించలేదు. ముందుగా అడిగింది రంధ్రం గురించి. "ఏ కొలతకి కత్తిరిస్తున్నారు?"

చిన్నరాయప్ప చొక్కా జేబులోంచి అట్టముక్క తీశాడు. "ఆసుపత్రిలో ఇచ్చిందేనండీ. వెంట్రుకవాసి తేడా రానివ్వను."

అనూష కొలత కార్డు స్టోమా మీద పెట్టి చూపించింది. అట్టముక్క మీది గుండ్రం స్టోమా చుట్టూ వేలు పట్టేంత వెడల్పుగా ఉంది.

"ఆపరేషనప్పుడు వాచి ఉంటుందండీ. రెండు నెలల్లో బాగా తగ్గిపోతుంది. మీరు పాత కొలతే కత్తిరిస్తున్నారు. ఆ ఖాళీలో ఉన్న చర్మం మీద పేగులోంచి వచ్చేది పడుతోంది. మామిడి సొన పడితే కాలినట్టే, ఇదీ చర్మాన్ని తినేస్తుంది. మీరు ప్లాస్టర్ వేసి దాన్ని లోపలే మూసిపెట్టారు."

"మళ్ళీ కొలవాలని మాకెవరూ చెప్పలేదే," అంది షీబా.

"చెప్పాల్సింది. రెండు నెలలదాకా వారం వారం కొలుచుకోమని చెప్పాలి," అంది అనూష.

భాగ్యవతి మంచం మీద లేచి కూర్చుంది. "ఎన్ని రోజులకి మార్చాలో నేను అడిగానమ్మా. నోరు తెరిచి అడిగాను. పాడైతే మార్చుకోమని వెళ్ళిపోయాడు. చదువు రాని దానికి చెప్పడం దండగనుకున్నాడేమో."

అనూష పుండు మీద పొడి చల్లి, దులిపి, కొత్త కొలతకు ప్లేటు కత్తిరించి అంటించి, అరచేతితో కొంచెంసేపు అదిమి పట్టుకుంది. అలా చేస్తూనే ఒక్కొక్కటీ చెప్పింది. మామూలుగా మూడు నాలుగు రోజులకు ఒకసారి మార్చాలి. కొందరికి వారం ఆగుతుంది, కానీ ఈ ఎండలకు, చెమటకు భాగ్యవతికి అంత ఆగదు. మంట పుట్టినా, దురద పెట్టినా, అంచు కింద కారినా రోజు చూడకుండా అప్పుడే తీసేయాలి. అలాగని ఊరికే రోజూ పీకితే చర్మం ప్లేటుతోపాటు ఊడొస్తుంది. మార్చేది పొద్దున్నే, ఏమీ తినకముందైతే మేలు. సబ్బు వద్దు, మంచినీళ్ళు చాలు. సంచి మూడోవంతు నిండితే ఖాళీ చేయాలి, బరువుకు ప్లేటు లాగకుండా.

"షాపతను వారమన్నాడండీ," అన్నాడు చిన్నరాయప్ప మెల్లగా.

"షాపతను ఈవిడ పొట్ట చూశాడా?"

బయల్దేరేటప్పుడు భాగ్యవతి అనూషను ఒకటి అడిగింది. నేర్పడానికి వాడే శాంపిల్ ప్లేటూ సంచీ ఒక జత. ఎందుకో చెప్పలేదు.

మర్నాడు పొద్దున ఆమె ఆ ప్లేటును భర్త పొట్టకు అంటించింది. సంచిలో గ్లాసుడు రాగిజావ పోసి, అడుగున క్లిప్పు బిగించింది.

"ఇదేంటే?"

"వారానికొకటి. పెట్టుకుని కోతకెళ్ళు."

అతను కూతురి వంక చూశాడు. షీబా చొక్కా తెచ్చి అందించింది. అతను వేసుకుని వెళ్ళాడు.

మొదటి రోజు చొక్కా గుండీ సంచికి పట్టుకుందన్నాడు. రెండో రోజు చెమటకు అంచు దురదన్నాడు. "ఇయ్యాళ బుధవారమేగా," అంది భాగ్యవతి, అన్నం వడ్డిస్తూ. మూడో రోజు మధ్యాహ్నం, చెట్టు మీద చిక్కం పైకెత్తి సాగినప్పుడు ప్లేటు ఒక పక్క లేచింది. పులిసిన జావ పంచె మీదుగా కాలిదాకా కారింది. కింద గంపలు పట్టుకున్న గంగరాజు ముక్కు మూసుకుని దూరం జరిగాడు. అందరూ నవ్వారు. చిన్నరాయప్ప దిగి, కాలువలో కాళ్ళు కడుక్కుని ఇంటికొచ్చాడు.

గడపలోనే నిలబడి ప్లేటు తీయబోయాడు.

"ఇంకా నాలుగు రోజులుంది," అంది భాగ్యవతి. ఆమె గొంతులో వేళాకోళం లేదు. "ప్లాస్టర్ వేస్తా, కూర్చో."

అతను కూర్చున్నాడు. ఆమె ప్లాస్టర్ చుట్ట తెచ్చి నిజంగానే చుట్టూ అంటించింది. పొద్దుగుంకేదాకా అతను అలాగే ఉన్నాడు. తర్వాత ఆమే వచ్చి తీసింది. వెంట్రుకలు ఊడొస్తుంటే అతను కళ్ళు మూసుకున్నాడు. అడుగున చర్మం కొంచెం కందింది, అంతే.

"నాకు భయమేసిందే," అన్నాడు. "అప్పుడు గుడ్డలు కట్టుకుని పడుకున్నావుగా. అది మళ్ళీ చూడలేననుకున్నా."

"భయం నీది. మంట నాది. నీ భయానికి నా చర్మం ఇచ్చుకున్నా, మూడు నెలలు."

ఆ తర్వాత పది రోజులు ఆమె అతనితో అవసరానికి మించి మాట్లాడలేదు. అతను నూజివీడు షాపు మానేసి, అనూష చెప్పిన చోటినుంచి ఒక నెల సరుకు ముందుగానే తెప్పించే ఏర్పాటు చేశాడు. వాటిని మంచం పక్క అలమరలో, ఆమె చేతికందే అరలో సర్దాడు. మార్చే రోజు నిర్ణయించేది ఇప్పుడు ఆమే. ఎక్కువగా నాలుగో రోజు, ఎండ మరీ మండితే మూడో రోజు. ఒకసారి మాత్రం రెండో రోజే దురద పుట్టి తీసేసింది. అతను ఎందుకని అడగలేదు.

మే నెలాఖరుకు పుండు పూర్తిగా మానింది. ఆమె షెడ్డుకు వెళ్ళి, రమణమ్మ పక్కనే పీట వేసుకుంది. రాఘవేంద్ర ఏదో అనబోతే, "నాకు వాసనొస్తే నీకంటే ముందు నాకే తెలుస్తది," అంది. అతను వెళ్ళిపోయాడు.

పేగు లోపల కలిపే ఆపరేషన్‌కు సెప్టెంబరు అని డాక్టరు అన్నాడు.

"నాన్న మీద కోపం పోయిందా?" అని షీబా ఒకరోజు అడిగింది.

"మీ నాన్న మీద కొంచెం పోయింది," అంది భాగ్యవతి. "ఆసుపత్రిలో అడిగితే చెప్పకుండా వెళ్ళిపోయాడే, వాడి మీద పోలేదు. పోనివ్వను కూడా."